పిలుపు ఒకరికి, ప్రయాణం ఇంటిల్లిపాదికీ

విదేశానికి వెళ్లే మిషనరీ గురించి మన సంఘాల్లో ఎప్పుడూ ఒక మనిషి గురించే మాట్లాడతారు. పిలుపు ఆయనకు వచ్చింది, ఆయన వెళ్తున్నారు, ఆయన కోసం ప్రార్థించాలి. భార్య పేరు రెండో వాక్యంలో వస్తుంది. పిల్లల పేర్లు ప్రార్థన చివర్లో వస్తాయి, ఒక్కోసారి అవీ రావు. కానీ పరాయి దేశంలో ఆ కుటుంబం పదేళ్లు నిలబడుతుందా, ఏడాది తిరిగేలోపే పెట్టెలు సర్దుకుని వచ్చేస్తుందా అన్నది ఎక్కువగా ఆ భార్యాపిల్లల దగ్గరే తేలుతుంది. వంటిల్లు ఎలా నడుస్తోంది, ఆమెకు అక్కడి భాష ఎంత వచ్చింది, పిల్లలు ఏ బడికి వెళ్తున్నారు, జ్వరం వస్తే ఎవరి దగ్గరకు వెళ్తారు అన్న ప్రశ్నలకు జవాబు లేకపోతే ఎంత గొప్ప ప్రసంగీకుడైనా ఎక్కువ కాలం నిలబడలేడు.

ఈ మాట చెప్పడానికి గుంటూరు, విజయవాడలకు అర్హత ఉంది. గుంటూరుకు 1842లో అమెరికా నుంచి లూథరన్ మిషనరీ వచ్చారు. బెజవాడలో ఇంగ్లండుకు చెందిన చర్చ్ మిషనరీ సొసైటీ 1858లో తన కేంద్రం పెట్టింది. ఆ తర్వాత ఇటలీ నుంచి కథోలిక గురువులూ వచ్చారు. వాళ్లకు తెలుగు నేర్పిన పంతుళ్లు, వంట చేసిపెట్టినవాళ్లు, పిల్లల్ని ఎత్తుకు తిరిగిన ఆయాలు, ఊళ్లు తిప్పి చూపించిన ఉపదేశకులు అందరూ ఇక్కడివాళ్లే. ఇప్పుడు అదే ఊళ్ల నుంచి తెలుగు కుటుంబాలు నేపాల్‌కో, గల్ఫ్‌కో, అమెరికాకో సేవకు బయల్దేరుతున్నాయి. మన ఇంటికి వచ్చినవాళ్లను చూసి తెలుసుకున్నది మన ఇంటి నుంచి వెళ్లేవాళ్లకు ఉపయోగపడాలి. చాలాచోట్ల అలా జరగడం లేదు.

గుంటూరు చూసిన కుటుంబాలు

జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842 జులై 31న గుంటూరు చేరారు. అప్పటికి ఆయనకు 49 ఏళ్లు. భార్య మూడేళ్ల ముందే చనిపోయారు, పిల్లలు అమెరికాలో ఉన్నారు. అంటే గుంటూరు లూథరన్ మిషన్ మొదలైనప్పుడు అక్కడ కుటుంబం అనే సమస్యే లేదు. పైగా ఊళ్లో ఆయనను చేరదీసే మనిషి ముందే ఉన్నారు. అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ గుంటూరుకు మిషనరీ రావాలని ఎదురుచూస్తున్న వ్యక్తి. బస ఏర్పాటు చేశారు, డబ్బు సాయం చేశారు. 1832-33 నాటి డొక్కల కరువు దెబ్బకు ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయిపోయి పదేళ్లు కూడా కాని జిల్లా అది. ఆసరా లేకుండా ఒక విదేశీయుడు అక్కడ కుదురుకోవడం ఎంత కష్టమో ఊహించవచ్చు. హయ్యర్ పట్టుదల గురించి చెప్పేవాళ్లు స్టోక్స్ గురించి కూడా అంతే చెప్పాలి.

1844లో వాల్టర్ గన్ దంపతులు వచ్చారు. కుటుంబంగా వచ్చి గుంటూరులో కాపురం పెట్టిన తొలి అమెరికన్ లూథరన్లు వీళ్లే. ఏడేళ్లకు, 1851లో, గన్ గుంటూరులోనే మరణించారు. మిషన్ చరిత్రలో ఇది సాధారణంగా ఒక్క వాక్యంలో అయిపోతుంది. కానీ ఆ ఇంట్లో మిగిలిన ఆమెకు ఆ వాక్యం తర్వాతే అసలు కష్టం మొదలై ఉంటుంది. ఉత్తరం అమెరికా చేరడానికి నెలలు పట్టే రోజులు. భర్త పేరు మీద వచ్చిన నియామకం, భర్త పేరు మీద వచ్చే జీతం. ఆయన పోయాక ఆమె ఆ మిషన్‌కు ఏమవుతుంది? ఈ ప్రశ్నకు ఆనాటి మిషన్ బోర్డుల దగ్గర సరైన జవాబు లేదు. భార్యను భర్తకు సహాయకురాలిగానే లెక్కవేసేవారు. ఆమె బడి నడిపినా, ఆడవాళ్ల మధ్య తిరిగినా, ఇంటికొచ్చిన రోగులకు మందు ఇచ్చినా అదంతా ఉచిత సేవే. ఈనాటి మన సంఘాలు కూడా ఈ విషయంలో పెద్దగా ముందుకు రాలేదు. పాస్టరమ్మ చేసే పని అందరికీ కావాలి, దానికి ఒక పేరు, ఒక గుర్తింపు మాత్రం ఎవరూ రాసిపెట్టరు.

హయ్యర్ మధ్యలో అమెరికా వెళ్లి, వైద్యం నేర్చుకుని, 1848లో తిరిగొచ్చారు. తర్వాత పల్నాడు వైపు గురజాలలో మకాం పెట్టారు. మొదటి విడతలో ఏం అవసరమో చూసి, అది నేర్చుకుని వచ్చి రెండో విడత మొదలుపెట్టడం ఆయన దగ్గర గమనించాల్సిన విషయం. పరాయిచోట కుదురుకోవడం ఒక్కసారిగా జరిగిపోయేది కాదని, తిరిగి వెళ్లడం ఓటమి కాదని ఆయన జీవితమే చూపిస్తుంది. 1869లో, డెబ్బై దాటిన వయసులో, రాజమండ్రి మిషన్ పని నిలబెట్టడానికి ఆయన మూడోసారి కూడా వచ్చారు.

ఇక అందరికీ తెలిసిన పేరు అన్నా కుగ్లర్. పెన్సిల్వేనియాలో వైద్యం చదివి 1883లో గుంటూరు వచ్చారు. ఆమెను పంపిన మహిళా సంఘం మొదట డాక్టరుగా పంపలేదు. ఆడపిల్లల చదువు, ఇళ్లలోని స్త్రీల మధ్య పని ఆమెకు అప్పగించింది. వైద్యమే తన పని అని ఆమె పట్టుబట్టి నిలబడ్డారు. తర్వాతి కాలంలో కుగ్లర్ ఆసుపత్రిగా పేరొచ్చిన గుంటూరు ఆసుపత్రి 1898లో మొదలైంది. 1930లో చనిపోయేదాకా ఆమె పని గుంటూరుతోనే ముడిపడి ఉంది. పెళ్లి చేసుకోలేదు. కుటుంబం లేదు కాబట్టి అన్నేళ్లు ఉండగలిగారని ఎవరైనా అనవచ్చు. అది సగం నిజమే. ఒంటరిగా వచ్చి ఆరోగ్యం చెడి త్వరగా తిరిగి వెళ్లిపోయిన స్త్రీలు కూడా అప్పట్లో ఉన్నారు. కుగ్లర్‌కు రక్తసంబంధం లేని కుటుంబం ఒకటి ఏర్పడింది. తోటి మిషనరీ స్త్రీలు, తెలుగు నర్సులు, ఇంటింటికీ తిరిగే బైబిలు స్త్రీలు, కాన్పుకు వచ్చి స్నేహితులైపోయిన ఇళ్లవాళ్లు ఆ కుటుంబం. మొదట్లో మైల అని ఆమెను దూరం పెట్టిన ఇళ్లే తర్వాత ఆమెను పిలిపించుకున్నాయి. ఊరు ఆమెను తనలో కలుపుకుంది కాబట్టే ఆమె ఉండగలిగింది.

బంగళా, కాంపౌండు, కొడైకెనాల్

పరాయి వాతావరణంలో కుటుంబాన్ని కాపాడుకోవడానికి మిషన్లు కనిపెట్టిన ఉపాయం కాంపౌండు. మందపాటి గోడలు, ఎత్తయిన కప్పు, చుట్టూ వరండా, సొంత బావి, పక్కనే బడి, చర్చి, పనివాళ్ల ఇళ్లు. రోహిణి కార్తె ఎండలో గుంటూరులో పసిపిల్లలతో బతకాలంటే అలాంటి ఇల్లు అవసరమే. కలరా, మలేరియా, మశూచి తిరిగే కాలంలో మంచి నీళ్లున్న కాంపౌండు ప్రాణాలు నిలబెట్టింది.

అయితే అదే కాంపౌండు గోడ కుటుంబాన్ని ఊరి నుంచి విడదీసింది. భర్త పొద్దున్నే ఎద్దుబండి మీదో, కాలువ పడవలోనో పల్లెలకు వెళ్లిపోయేవారు, రోజుల తరబడి అక్కడే మకాం. ఆయనకు మనుషులు పరిచయమయ్యేవారు, భాష నాలుక మీదకు వచ్చేది. భార్యకు తెలిసిన తెలుగు ప్రపంచం వంటవాడు, ఆయా, దర్జీ, పాలు పోసేవాళ్లతో ఆగిపోయే ప్రమాదం ఉండేది. బయటకు వెళ్లి పనిచేసిన భార్యలు త్వరగా కుదురుకోవడానికి కారణం వాళ్ల గుణగణాలకన్నా వాళ్లకు దొరికిన పరిచయాలే అనిపిస్తుంది. ఇళ్లలోకి మగ మిషనరీలు వెళ్లలేరు. ఆడవాళ్లు వెళ్లగలరు. ఆ తలుపు దాటినవాళ్లకు పురుళ్లు, పెళ్లిళ్లు, చావులు, అత్తాకోడళ్ల గొడవలు అన్నీ కళ్లముందు జరిగేవి. తెలుగు సమాజం వాళ్లకు అర్థమైంది అక్కడే.

పిల్లల సంగతి ఇంకా కష్టం. కోస్తా ఎండను తప్పించుకోవడానికి దక్షిణాదిలోని అమెరికన్ మిషనరీలు 1845 నుంచే కొడైకెనాల్ కొండల మీద ఇళ్లు కట్టుకున్నారు. 1901లో అక్కడ వాళ్ల పిల్లల కోసం బోర్డింగ్ స్కూల్ మొదలైంది. గుంటూరు లూథరన్ కుటుంబాల పిల్లలు కూడా అక్కడ చదువుకున్నారు. వేసవి నెలల్లో తల్లిదండ్రులు కొండెక్కి పిల్లలతో ఉండేవారు, మిగతా కాలంలో ఉత్తరాలే దిక్కు. ఆరేడేళ్ల పిల్లను రైలెక్కించి అంత దూరం పంపిన తల్లి, ఆ సాయంత్రమే గుంటూరులో పక్కవాళ్ల పిల్లలకు పాఠం చెప్పాల్సి వచ్చేది. మిషనరీ జీవితంలోని త్యాగం గురించి మాట్లాడేటప్పుడు మొదట చెప్పుకోవాల్సింది ఈ ఎడబాటే. ఆ త్యాగం పెద్దవాళ్లు ఇష్టపడి చేశారు. పిల్లల్ని ఎవరూ అడగలేదు.

ఇలాంటి పిల్లల గురించి శాస్త్రీయంగా ఆలోచించడం 1950ల్లో మొదలైంది. భారతదేశంలో పనిచేస్తున్న అమెరికన్ కుటుంబాలను పరిశీలించిన జాన్, రూత్ యూసీమ్ దంపతులు ఈ పిల్లలను మూడో సంస్కృతి పిల్లలు అన్నారు. తల్లిదండ్రుల దేశం పూర్తిగా వాళ్లది కాదు, పెరిగిన దేశమూ పూర్తిగా వాళ్లది కాదు. తమలాగే రెంటి మధ్య పెరిగినవాళ్ల దగ్గరే వాళ్లకు ఇల్లులాగా ఉంటుంది. గుంటూరులో పుట్టి, ఆయా దగ్గర తెలుగు మాటలు నేర్చుకుని, కొడైలో చదివి, పద్దెనిమిదేళ్లకు అమెరికాలో అడుగుపెట్టిన కుర్రాడికి అక్కడ అందరూ నువ్వు ఇంటికొచ్చావని చెబుతారు. అతనికి మాత్రం ఇల్లు వదిలి వచ్చినట్టు ఉంటుంది.

వేడుక అయిపోయాక వచ్చే నెలలు

కలెర్వో ఓబర్గ్ అనే మానవశాస్త్రవేత్త కల్చర్ షాక్ అన్న మాటను ప్రచారంలోకి తెచ్చారు. 1960లో అచ్చయిన ఆయన వ్యాసం ప్రకారం కొత్త దేశంలో మొదటి కొన్ని వారాలు అన్నీ ముచ్చటగా ఉంటాయి. తర్వాత విసుగు, కోపం వస్తాయి. అక్కడివాళ్లంతా ఒకే రకంగా కనిపిస్తారు, తన దేశంవాళ్లతోనే కూర్చోవాలనిపిస్తుంది. మెల్లగా భాష పట్టుబడి, నవ్వడం తిరిగొచ్చి, చివరకు అక్కడి జీవితం మామూలైపోతుంది. అందరికీ ఇదే వరసలో జరగదని తర్వాతి పరిశోధకులు అభ్యంతరం చెప్పారు. వరస సంగతి ఎలా ఉన్నా ఆయన చెప్పిన లక్షణాలు మాత్రం నిజమైనవి.

విజయవాడలో దిగిన ఒక విదేశీ కుటుంబానికి ఇది ఎలా ఉంటుందో ఆలోచిద్దాం. మొదటి నెల సన్మానాలు. దండలు, శాలువాలు, స్టేజీ మీద కుర్చీలు, ప్రతి ఆదివారం ఎవరో ఒకరింట్లో భోజనం. గోంగూర ఘాటుకు ముక్కు కారుతుంటే అందరూ నవ్వుతారు, వాళ్లూ నవ్వుతారు. మూడో నెలకు ఆ నవ్వు ఉండదు. చెప్పకుండా ఇంటికి వచ్చే చుట్టపుచూపు మనకు ఆప్యాయత, వాళ్లకు ఊపిరాడని పని. జీతమెంత, ఇంకో పిల్లాడు వద్దా, అద్దె ఎంత కడుతున్నారు అన్న ప్రశ్నలు మన దగ్గర పలకరింపులే. ప్రతిదానికీ జవాబు వెతుక్కోవడం వాళ్లకు అలసట. అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పడేది పిల్లలు. తెల్లగా ఉన్నారని బుగ్గలు గిల్లడం, జుట్టు పట్టుకుని చూడడం, అడక్కుండా ఫోటోలు తీసుకోవడం ప్రేమతోనే చేస్తారు. నాలుగేళ్ల పిల్లకు ఆ ప్రేమ అర్థం కాదు, బయటకు వెళ్లాలంటే భయం పట్టుకుంటుంది. ఆ భయం తల్లికి పాకుతుంది. తల్లి బయటకు రావడం తగ్గిస్తుంది. ఇక కుటుంబం తిరుగు ప్రయాణం గురించి ఆలోచించడం మొదలవుతుంది. ఆతిథ్యం ఇచ్చే సంఘం చేయగల మేలు ఇక్కడ చాలా చిన్నది. పిల్లల్ని ముట్టుకోవద్దని ఒక పెద్దాయన మైకులో ఒక్క మాట చెబితే చాలు.

ఇప్పుడు అలా ఏళ్ల తరబడి ఉండటానికి వచ్చే విదేశీ కుటుంబాలు తక్కువ. మత ప్రచారం చేయడానికి టూరిస్టు వీసా పనికిరాదు, దానికి మిషనరీ వీసా వేరే ఉంది, అది తేలిగ్గా దొరకదు. భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు కూడా మిషనరీ పని చేయాలంటే ప్రత్యేక అనుమతి తీసుకోవాలని 2021 నోటిఫికేషన్ చెబుతోంది. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో బయటి నుంచి వచ్చే విరాళమంతా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి, అందులో నిర్వహణ ఖర్చులకు 20 శాతం మించకూడదు. వచ్చేవాళ్లు తగ్గారు. వెళ్లేవాళ్ల గురించే ఇక ఎక్కువ ఆలోచించాలి.

నెల్లూరు నుంచి నేటాల్‌కు

తెలుగువాళ్లు మిషనరీలుగా విదేశానికి వెళ్లడం కొత్త సంగతి కాదు. 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరినప్పటి నుంచి వేలాదిమంది తెలుగువాళ్లు దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు, తేయాకు తోటలకు కూలి ఒప్పందం మీద వెళ్లారు. వాళ్లలో నెల్లూరు, ఒంగోలు వైపు బాప్టిస్టులూ ఉన్నారు. తమకు తెలుగులో వాక్యం చెప్పే మనిషి కావాలన్నది వాళ్ల కోరిక. తెలుగు బాప్టిస్టులు సొంతంగా నడుపుకుంటున్న హోమ్ మిషన్ సొసైటీ ఆ పనికి జాన్ రంగయ్యను ఎంచుకుంది. 1903లో ఆయన భార్యాపిల్లలతో డర్బన్ చేరారు. ఆ ఏడాది చివరికే కియర్స్నీ తేయాకు తోటల దగ్గర తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. 1915లో అక్కడే ఆయన మరణించారు. ఆయన కొడుకు ఒకరు తర్వాత ఆ పనిని కొనసాగించారు.

ఈ కుటుంబం ఎందుకు నిలబడగలిగింది? ఒక కారణం స్పష్టంగా కనిపిస్తుంది. వాళ్లు వెళ్లింది పరాయి దేశానికే అయినా చేరింది తెలుగు మాట్లాడే మనుషుల మధ్యకు. భార్యకు మొదటి రోజు నుంచే మాట్లాడేవాళ్లున్నారు, ఇంట్లో వండుకునేది అక్కడా దొరుకుతుంది. మరో వైపు చూస్తే దేశం మాత్రం వాళ్లకు ఏమాత్రం అనుకూలం కాదు. నేటాల్‌లో కొత్తగా అడుగుపెట్టే భారతీయులకు ఏదో ఒక యూరప్ భాషలో రాయడం వచ్చి ఉండాలని 1897లో చట్టం చేశారు. ఒప్పందం ముగిసిన కూలీల మీద మనిషికి మూడు పౌండ్ల పన్ను వేశారు. రంగయ్య సంఘస్థులు ఆ పన్ను కింద నలిగినవాళ్లే. ఊళ్లో గౌరవంగా బతికిన ఒక ఉపాధ్యాయుడి కుటుంబం అక్కడ కూలీ అని పిలిపించుకునే జనంలో ఒకటైపోయింది. తెల్లవాడు గుంటూరు వస్తే దొర అయ్యాడు. తెలుగువాడు నేటాల్ వెళ్తే హోదా పోగొట్టుకున్నాడు. మన కుటుంబాలను పంపేటప్పుడు ఈ తేడాను మరచిపోకూడదు. గుంటూరు వచ్చిన మిషనరీ వెనుక ఒక సామ్రాజ్యం నీడ ఉంది. ఇక్కడి నుంచి వెళ్లే కుటుంబానికి అలాంటి అండ ఏదీ లేదు.

ఇప్పుడు వెళ్లేవాళ్లు

మూడు దారులు చూస్తే చాలు. నేపాల్ వెళ్లడానికి మనవాళ్లకు వీసా అక్కర్లేదు, తిండి, వాతావరణం, హిందీ పరిచయం కొంత కలిసొస్తాయి. కానీ 2015 రాజ్యాంగం మత మార్పిడి చేయించడాన్ని నిషేధించింది. 2018 నుంచి అమల్లోకి వచ్చిన శిక్షాస్మృతి ప్రకారం దానికి ఐదేళ్ల దాకా జైలు, విదేశీయులైతే శిక్ష పూర్తయ్యాక దేశం నుంచి పంపించేయడం. ఈ సంగతి భర్తకు తెలిసి, భార్యకు తెలియకుండా ఇల్లు మారిన కుటుంబం ఎంత టెన్షన్‌లో బతుకుతుందో చెప్పనక్కర్లేదు. ఇద్దరికీ తెలిసి, ఇద్దరూ ఒప్పుకుని వెళ్లాలి. చట్టం అనుమతించిన పని ఏదో, అనుమతించని పని ఏదో పంపే సంఘం కూడా తెలుసుకోవాలి. ఇక్కడి స్టేజీల మీద అక్కడి పని గురించి గొప్పగా చెప్పే ఒక్క వీడియో ఆ కుటుంబాన్ని ఇబ్బందుల్లోకి నెట్టగలదు.

గల్ఫ్ దారి వేరు. చాలామంది ఉద్యోగం వీసా మీద వెళ్లి, సెలవు రోజున తెలుగు సంఘాన్ని నడుపుతారు. యూఏఈ, కువైట్ లాంటి చోట్ల ప్రభుత్వం కేటాయించిన చర్చి ఆవరణల్లో ఆరాధన జరుగుతుంది. సౌదీలో బహిరంగ ఆరాధనకు వీలు లేదు. అక్కడ కుటుంబం కుదురుకోవడం భక్తితో కన్నా జీతంతో ముడిపడి ఉంటుంది, ఎందుకంటే భార్యాపిల్లలను తీసుకెళ్లే అర్హత ఉద్యోగాన్ని బట్టి వస్తుంది.

అమెరికాకు సేవకుడిగా వెళ్లే ఆర్-1 వీసా మొదట 30 నెలల దాకా ఇస్తారు, మొత్తం ఐదేళ్లు మించదు. భార్యాపిల్లలకు వచ్చే ఆర్-2 మీద ఉద్యోగం చేయకూడదు. విజయవాడలో టీచరుగానో నర్సుగానో పనిచేసి ఇల్లు నడిపిన స్త్రీ అక్కడ ఒక్కసారిగా ఖాళీగా కూర్చుంటుంది. చుట్టూ ఉన్న తెలుగువాళ్లంతా సాఫ్ట్‌వేర్ జీతాలవాళ్లు. ఇంటి దగ్గరి చుట్టాలేమో అమెరికాలో ఉన్నారు కదా, డాలర్లు పంపలేరా అని అడుగుతారు. ఈ ఒత్తిడి గురించి పంపే సంఘాల్లో ఎవరూ మాట్లాడరు.

1990ల్లో అంతర్జాతీయ క్రైస్తవ సమాఖ్య అయిన వరల్డ్ ఎవాంజెలికల్ ఫెలోషిప్‌కు చెందిన మిషన్స్ కమిషన్ భారతదేశంతో సహా 14 దేశాల్లో మిషనరీలు పని మానేసి తిరిగి రావడానికి కారణాలు అడిగి చూసింది. చాలాకాలంగా మిషనరీలను పంపుతున్న పాశ్చాత్య దేశాల్లో రిటైర్మెంట్, పిల్లల అవసరాలు పైన నిలిచాయి. కొత్తగా పంపడం మొదలుపెట్టిన దేశాల్లో ముందు వరసలో వచ్చింది ఇంటి నుంచి మద్దతు లేకపోవడం. మన పరిస్థితికి ఇది సరిగ్గా సరిపోతుంది. మొదటి ఆరు నెలలు కానుకలు క్రమంగా వస్తాయి. చర్చి బిల్డింగ్ పని మొదలైతే, పాస్టరుగారు మారితే, సంఘంలో గొడవ వస్తే అవి ఆగిపోతాయి. అక్కడ అద్దె ఆగదు. ట్రస్టు ద్వారా పంపుదామంటే ఇంకో చిక్కు ఉంది. ధార్మిక ట్రస్టు ఆదాయాన్ని దేశం బయట ఖర్చు పెడితే మామూలుగా పన్ను మినహాయింపు వర్తించదు, ప్రత్యక్ష పన్నుల బోర్డు నుంచి ప్రత్యేక అనుమతి కావాలి. కాబట్టి రెండేళ్ల ఖర్చుకు ఎవరు ఎంత ఇస్తారో రాసుకోకుండా, ఎలా పంపాలో ఆడిటర్‌ను అడగకుండా కుటుంబాన్ని విమానం ఎక్కించడం విశ్వాసం అనిపించుకోదు. అది నిర్లక్ష్యం.

డబ్బుతో తీరని మద్దతు కూడా ఉంది. మన ఇళ్లలో తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. దేశం కాని దేశంలో పురుడు పోసుకోవాల్సిన అమ్మాయికి తల్లిని మూడు నెలలు పంపించే ఏర్పాటు సంఘం చేయగలిగితే, అది ఎన్ని ఉపవాస ప్రార్థనలు చేసినా రాని ధైర్యాన్ని ఇస్తుంది. కొడుకు వెళ్లిపోతే ముసలి తల్లిదండ్రులను ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారన్నది ఇంకో ప్రశ్న. అమెరికన్ మిషనరీకి ఈ బెంగ లేదని కాదు, మన దగ్గర అది కొడుకు బాధ్యతగా పేరుపెట్టి చూస్తారు. తెనాలిలోనో మంగళగిరిలోనో ఉన్న ఆ తండ్రిని నెలకోసారి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లే బాధ్యత యూత్‌లో ఇద్దరికి అప్పగిస్తే, కొడుకు ఫోన్ మోగిన ప్రతిసారీ ఉలిక్కిపడడు.

పిల్లల చదువు విషయంలో కొడైకెనాల్ నేర్పిన పాఠం మన దగ్గర కొంత అందుకున్నారు. తమిళనాడు దోనావూరులో మన దేశపు మిషనరీల పిల్లల కోసమే నడిచే బోర్డింగ్ స్కూల్ ఉంది. కానీ బోర్డింగ్ ఉంది కదా అని అందరి పిల్లల్నీ అక్కడికి పంపడం సరికాదు. ఆరేళ్ల పిల్లకు తల్లి దగ్గర చదువే మేలు, అది అక్కడి స్థానిక బడి అయినా సరే. పదో తరగతి దగ్గరకొచ్చిన పిల్లాడిని కొత్త దేశానికి మార్చడం అన్నిటికన్నా ప్రమాదం. పిల్లలు ఏ వయసులో ఉన్నప్పుడు వెళ్తున్నారన్నది పిలుపుతో సమానంగా ఆలోచించాల్సిన విషయం.

తిరిగొచ్చాక ఎదురయ్యే చిక్కు చాలామందికి అప్పటిదాకా తెలియదు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంజినీరింగ్ లాంటి కోర్సుల్లో 85 శాతం సీట్లు స్థానిక అభ్యర్థులకు ఉంటాయి. అర్హత పరీక్షకు ముందు వరసగా నాలుగేళ్లు ఇక్కడ చదవడం స్థానికతకు ప్రధాన లెక్క. గుంటూరులో పుట్టి, తల్లిదండ్రులతో నాలుగైదేళ్లు ఖాట్మండులో చదివి ఇంటర్‌కు తిరిగొచ్చిన పిల్లాడు తన సొంత ఊళ్లోనే నాన్‌లోకల్ అయ్యే అవకాశం ఉంది. మిగిలిన 15 శాతంలో పోటీ పడాలన్నా తల్లిదండ్రులు ఈ రాష్ట్రంలో పదేళ్లు ఉన్నట్టు ధ్రువపత్రం చూపించాల్సి రావచ్చు. ఇక్కడి ఎస్ఎస్‌సీ రాయాలంటే తెలుగు పేపరు ఉంటుంది, నేపాలీ బడిలో చదివిన పిల్లలకు గుణింతాలు కూడా సరిగా రావు. వారానికి మూడు గంటలు ఆన్‌లైన్‌లో తెలుగు చెప్పే ఒక టీచరు, టీసీలు, నివాస ధ్రువపత్రాలు జాగ్రత్త చేసిన ఒక ఫైలు, పెద్ద పిల్లాడు ఏ తరగతిలో ఉండగా తిరిగి రావాలో ముందే వేసుకున్న లెక్క ఉండాలి. సాగనంపే ప్రార్థనకు తేదీ పెట్టే కమిటీయే ఈ మూడింటికీ మనుషుల్ని కేటాయించాలి.